రాత్రి ఒంటిగంట దాకా నిద్ర రాదు, పొద్దున లేవలేను. ఇది బద్ధకమా, ఇంకేమైనా ఉందా?

బైపీసీ_బ్యాక్‌బెంచ్:

అందరికీ నమస్తే. నాకు 16 ఏళ్ళు, ఇంటర్ ఫస్టియర్ బైపీసీ. ఊరు తెనాలి దగ్గర, కాలేజీ గుంటూరులో. హాస్టల్లో వేస్తామన్నారు కానీ నేనే ఏడ్చి గోల చేసి డే స్కాలర్‌గా చేరాను, కాబట్టి ఇప్పుడు ఏం చెప్పుకున్నా "నువ్వు కోరుకున్నదేగా" అంటారు. కాలేజీ బస్సు 6:20కి మా సెంటర్లో ఆగుతుంది, అమ్మ 5కే లేపుతుంది. సాయంత్రం ఇల్లు చేరేసరికి 7. స్నానం, అన్నం, 8 నుంచి పుస్తకాలు.

సమస్య ఏంటంటే రాత్రి నిద్ర రాదు. 10కి పడుకోమంటారు, పడుకుంటాను, తిరిగే ఫ్యాను చూస్తూ ఉంటాను. 11కి లేచి మళ్ళీ చదువుతాను. నిజం చెప్పాలంటే 12 తర్వాతే నాకు బుర్ర బాగా పనిచేస్తుంది. అప్పుడు ఫోను కూడా కాసేపు చూస్తాను (కాసేపు అంటే అరగంట. సరే, గంట). ఒంటిగంటకి గానీ కన్ను మూతపడదు. పొద్దున అమ్మ దుప్పటి లాగేస్తే నేను ఎక్కడున్నానో కూడా తెలియదు. ఆదివారం 11 దాకా లేవను. నాన్న నాకు పెట్టిన పేరు కుంభకర్ణుడి చెల్లెలు. ఆయన చెల్లెలు ఎవరో నాన్నకి గుర్తుందో లేదో.

అసలు ఇది రాయడానికి కారణం పోయిన వారం టెస్టు. కెమిస్ట్రీలో మోల్ కాన్సెప్ట్ లెక్క, ముందురోజు రాత్రే చేసింది, అంకెలు కూడా దాదాపు అవే. చూడగానే ఇది నాకు వచ్చు అని తెలిసింది, కానీ మొదటి స్టెప్పు గుర్తు రాలేదు. పది నిమిషాలు పెన్ను పట్టుకుని కూర్చున్నాను. ఇంటికొచ్చాక అమ్మ "ఎలా రాశావ్" అని ఒక్క మాట అడిగింది. నేను టిఫిన్ బాక్సు సింకులోకి విసిరాను. మూత ఎగిరి పొయ్యి పక్కన పడింది. అమ్మ ఏమీ అనలేదు. వంగి ఆ మూత తీసి, కడిగి, బోర్లించింది. అది చూశాక నేను బాత్రూంలోకి వెళ్ళి కుళాయి తిప్పి ఏడ్చాను. విసిరేటప్పుడు కూడా నాకు తెలుసు ఇది తప్పని. తెలిసే విసిరాను. అదే నాకు అర్థం కావట్లేదు.

మా జువాలజీ మేడం ఒకసారి క్లాసులో, టీనేజ్‌లో మెదడు ఇంకా తయారవుతూనే ఉంటుంది, 25 దాకా పూర్తికాదు అన్నారు. అంతలో బెల్లు కొట్టేశారు. అది నిజమేనా? నిజమైతే 25 దాకా నేనిలాగే ఉంటానా? నా అంతట నేను చేసుకోగలిగింది ఏమైనా ఉందా? పొద్దున్నే లేచి ధ్యానం చెయ్యి అని మాత్రం చెప్పకండి, 5కే లేవలేనిదాన్ని 4కి ఎలా లేస్తాను.


పాత_బోటనీ_మాస్టారు:

అమ్మాయీ, 31 ఏళ్ళు జూనియర్ కాలేజీలో బోటనీ చెప్పి రిటైరయ్యాను. మెదడు నా సబ్జెక్టు కాదు గానీ కొమ్మలు కత్తిరించడం నా సబ్జెక్టే, నీ ప్రశ్నలో సగం అదే. మీ ఇంట్లోనో పక్కింట్లోనో మల్లె పొద ఉంటే చూసే ఉంటావు. డిసెంబరు, జనవరిలో దానికి నీళ్ళు ఆపి, ఆకు దూసి, కొమ్మలు కత్తిరించేస్తారు. తెలియనివాడు చూస్తే చెట్టుని చంపేస్తున్నారనుకుంటాడు. వేసవి మొగ్గలన్నీ ఆ తర్వాత వచ్చే కొత్త చిగుళ్ళ మీదే.

మీ వయసులో మెదడులో జరిగేది దానికి దగ్గరగానే ఉంటుంది. సైజు సంగతైతే ఆరేళ్ళకే దాదాపు 90 శాతం వచ్చేస్తుంది. పెరగాల్సింది సైజు కాదు, అల్లిక. చిన్నప్పుడు నాడీకణాల మధ్య అవసరానికి మించి సంబంధాలు పుట్టుకొస్తాయి. పన్నెండో ఏడు ప్రాంతం నుంచి వాడనివి రాలిపోతూ, వాడేవి గట్టిపడుతూ పోతాయి. 1999లో అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థలో జే గీడ్ అనే ఆయన బృందం 145 మంది పిల్లలకి ఎమ్మారై తీసి, కొందరికి రెండేళ్ళకొకసారి మళ్ళీ మళ్ళీ తీసి చూసింది. నుదుటి వెనక భాగంలో గ్రే మ్యాటర్, అంటే నాడీకణాలు, వాటి సంబంధాలు ఉండే పొర, ఆడపిల్లల్లో 11 ఏళ్ళ దగ్గర, మగపిల్లల్లో 12 దగ్గర గరిష్ఠానికి వెళ్ళి, ఆ తర్వాత తగ్గుతోందని తేలింది. తగ్గుతోందంటే బుర్ర తగ్గుతోందని కాదు తల్లీ, మల్లె పొద గుర్తు పెట్టుకో.

రెండోది, నువ్వు నాడీకణం పటం వేసేటప్పుడు ఆక్సాన్ చుట్టూ, అంటే కణం నుంచి సాగే పొడుగాటి తీగ చుట్టూ, గీసే ఆ తొడుగు, మైలిన్. (నోడ్ ఆఫ్ రాన్వియర్, అంటే ఆ తొడుగులో మధ్యమధ్య వచ్చే ఖాళీ, గుర్తించడం మర్చిపోయి ఒక మార్కు పోగొట్టుకునేవాళ్ళు ప్రతి ఏడాదీ ఉంటారు, నువ్వు ఆ జాబితాలో చేరకు.) అది ఎక్కిన తీగలో సందేశం ఎన్నో రెట్లు వేగంగా పోతుంది. ఆ తొడుగు ఎక్కడం మెదడు వెనక వైపు నుంచి ముందుకి జరుగుతుంది, అన్నిటికంటే చివర నుదుటి వెనక భాగానికి (ప్రీఫ్రంటల్ కార్టెక్స్ అంటారు). ఆగు, ఆలోచించు, రేపేమవుతుందో చూసుకో అని చెప్పేది ఆ భాగమే. కోపం, భయం, సంతోషం, ఇవి పుట్టే లోపలి భాగాలు మాత్రం యుక్తవయసు హార్మోన్లతో ముందే జోరందుకుంటాయి. ఎడ్లు బండికి కట్టేశారు, పగ్గాలు ఇంకా పేనుతున్నారు, అదీ పరిస్థితి.

నువ్వు తెలిసే విసిరాను అన్నావు చూడు, అది సరిగ్గా పట్టుకున్నావు. తెలియకపోవడం కాదది. తీరిగ్గా కూర్చోబెట్టి అడిగితే పదహారేళ్ళ పిల్లలు మంచిచెడ్డలు పెద్దవాళ్ళలాగే చెప్తారు. ఉడుకు మీద ఉన్నప్పుడే తేడా వచ్చేది. నాలుగు గంటల నిద్ర మీద నేనైనా విసిరేవాణ్ణే, నాకు 67.


కరీంనగర్_ఈసీఈ:

చెల్లీ, మాస్టారు మెదడు చెప్పారు, నేను నిద్ర చెప్తా. నేను బీటెక్ థర్డియర్. ఇంటర్ రెండేళ్ళు హాస్టల్లో ఉన్నా, పొద్దున 5:30కి స్టడీ అవర్, రాత్రి 10:30కి స్టడీ అవర్, మధ్యలో బతుకు.

ముందు ఒక మాట. రాత్రి 12కి బుర్ర పనిచేయడం నీ ఒక్కదానికే కాదు. ఈ వయసులో బాడీ క్లాక్ నిజంగానే వెనక్కి జరుగుతది. చీకటి పడ్డాక నిద్రకి సిగ్నల్ ఇచ్చే మెలటోనిన్ అనే హార్మోన్ ఉంటది, అది టీనేజ్‌లో పిల్లల కన్నా, పెద్దల కన్నా ఆలస్యంగా, గంట నుంచి రెండు గంటలు లేటుగా మొదలవుతది. అమెరికాలో బ్రౌన్ యూనివర్సిటీలో మేరీ కార్స్కాడన్ అనే ప్రొఫెసర్ దీని మీదే కొన్ని దశాబ్దాలు పనిచేసింది. అంటే మీ నాన్నకి 10 గంటలు ఎట్లనో నీ ఒంటికి 11:30, 12 అట్ల. మీ అమ్మ 5కి లేపినప్పుడు నీ లోపలి గడియారంలో మూడో, మూడున్నరో అయి ఉంటది. ఎక్కడున్నానో తెలియదు అన్నావు కదా, ఎందుకు తెలుస్తది?

ఇంకోటి, పేపర్ చూసి లెక్క గుర్తు రాకపోవడం. పగలు చదివింది మెదడులో హిప్పోకాంపస్ అనే చోట తాత్కాలికంగా ఉంటది, నిద్రలోనే అది పక్కాగా సర్దుకునే పని జరుగుతది. నువ్వు రాత్రి ఒంటిగంట దాకా ఎక్కించి 4 గంటల్లో లేస్తే, సామాను లారీ నుంచి దించి రోడ్డు మీదే వదిలి పోయినట్టు. నేను ఫిజిక్స్‌లో ఇదే చేసిన. మా రూంలో ఒకడు ఫ్లాస్కు నిండా టీ తెచ్చేటోడు, 10 గంటలకి ఒకటి, 12కి ఒకటి. తర్వాత ఎప్పుడో తెలిసింది, తాగిన కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికే 5 గంటల దాకా పడతదని. రాత్రి 10కి తాగిన టీలో సగం తెల్లారి 3కి కూడా లోపలే ఉంటది. నువ్వు తాగుతావా? తాగితే సాయంత్రం 4 తర్వాత బంద్ చెయ్. ఎనర్జీ డ్రింకుల జోలికి అసలే పోకు.

సంబంధం లేదు కానీ ఒకటి రాస్తా. సెకండియర్ పరీక్షలు అయిన రోజు ముగ్గురం ఒక్క బండి మీద బయల్దేరినం, వెనకోడు "ఇంకా లాగు, ఇంకా లాగు" అన్నాడు, నేను లాగిన, మట్టిలో జారినం. ఎడమ మోచేయి ఇప్పటికీ పూర్తిగా చాపలేను. ఒక్కణ్ణే ఉంటే నేను 40 దాటేటోణ్ణి కాదు. అమెరికాలో 2005లో గార్డ్నర్, స్టైన్‌బర్గ్ అనే ఇద్దరు ఇదే పరీక్ష చేసిన్రు, వీడియో గేమ్‌లో కారు నడపమని. స్నేహితులు పక్కనుంటే టీనేజోళ్ళ రిస్కు బాగా పెరిగింది, 24 దాటినోళ్ళలో ఫ్రెండ్స్ ఉన్నా లేకున్నా తేడా రాలే. ఇది చదివినప్పుడు నా మోచేయి గుర్తొచ్చింది. నీకు బండి లేదనుకుంటా, ఉంటే మాత్రం 18 దాకా ముట్టకు. 2019లో మార్చిన మోటారు చట్టం ప్రకారం మైనర్ దొరికితే బండి ఓనర్‌కి, అంటే మీ నాన్నకి, 25,000 జరిమానా, 3 ఏళ్ళ దాకా జైలు, నీకేమో 25 ఏళ్ళొచ్చేదాకా లైసెన్స్ రాదు. మీ మేడం చెప్పిన 25 అక్కడ మాత్రం పక్కా.


ఒక_తండ్రి_గుంటూరు:

అన్నీ చదివాను. మా రోజుల్లో ఈ మెదడు, మెలటోనిన్ ఏవీ లేవు. కరెంటు లేకపోతే లాంతరు కింద చదివాం, 4 గంటలకి లేచి పొలంలో నీళ్ళు పెట్టి, అప్పుడు బడికి వెళ్ళాం. నాకూ ఇద్దరు పిల్లలు. ఏది అడిగినా "నా ప్రీఫ్రంటల్ కార్టెక్స్ ఇంకా డెవలప్ కాలేదు నాన్నా" అంటోంది మా చిన్నది, యూట్యూబ్‌లో చూసి. గిన్నె విసిరినా మెదడే, మార్కులు రాకపోయినా మెదడే అంటే ఇక మనిషి చేసేదేముంది? ఆ ఫోను తీసి బీరువాలో పెట్టి తాళం వేస్తే నిద్ర అదే వస్తుంది. కటువుగా అనిపిస్తే క్షమించాలి.


నిద్రలేని_పీజీ:

సైకియాట్రీ పీజీ చేస్తున్నాను, నైట్ డ్యూటీ మధ్యలో రాస్తున్నా, కాబట్టి నిద్ర గురించి సలహా ఇచ్చే నైతిక హక్కు నాకు లేదని ముందే ఒప్పుకుంటున్నా.

తండ్రిగారూ, మీతో సగం ఏకీభవిస్తాను. ఎందుకు కోపమొచ్చిందో అర్థం కావడం వేరు, విసరొచ్చని అనుమతి దొరకడం వేరు. కానీ మీ లాంతరు సంగతి ఒకసారి లెక్క వేసుకోండి. 4కి లేచారు సరే, రాత్రి ఎన్నింటికి పడుకున్నారు? మా అమ్మమ్మ వాళ్ళూళ్ళో 8:30కి వీధంతా నిద్రపోయేది. అది ఏడున్నర గంటల నిద్ర. ఈ అమ్మాయికి దక్కేది నాలుగు. పైగా పొద్దున్నే పొలంలో ఎండ, ఆ వెలుగే బాడీ క్లాక్‌ని ముందుకి లాగే అసలు మందు. మీరు తెలియకుండానే రోజూ వేసుకున్నారు.

25 గురించి. అది గీత గీసినట్టు ఉండదు. 25వ పుట్టినరోజు నాడు ఏదీ పూర్తికాదు, దానికి ముందు ఏదీ ఆగి ఉండదు. నుదుటి భాగం ఇరవైల మధ్య దాకా మారుతూనే ఉంటుందనేది నిజం, ఒక్కొక్కరిలో ఒక్కో వేగం. నీకు 17కీ 19కీ మధ్యే బోలెడు తేడా కనిపిస్తుంది. మారుతూ ఉందంటే చెడిపోయి ఉందని అనుకోకు. భాష, సంగీతం, ఆట, ఏదైనా ఇప్పుడు పట్టుకున్నంత గట్టిగా తర్వాత పట్టుబడటం కష్టం.

ఇప్పుడు నీ సంగతి. నువ్వు రాసిందాంట్లో ఒక ఖాళీ ఉంది. 13 నుంచి 18 ఏళ్ళవాళ్ళకి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని నిద్ర వైద్యులు చెప్తారు. రోజూ 4 గంటలే పడుకునేవాళ్ళు 10కి మంచమెక్కితే రెండు నిమిషాల్లో నిద్రపోవాలి. నువ్వు గంటసేపు ఫ్యాను చూస్తున్నావు. అందుకని అడుగుతున్నా, సాయంత్రం బస్సులో నిద్రపోతావా?


బైపీసీ_బ్యాక్‌బెంచ్:

పోతాను. బస్సు గుంటూరు దాటకముందే. మా ఊరు వచ్చాక క్లీనర్ అన్న లేపుతాడు. ముక్కాలు గంట పైనే ఉంటుంది. అది కూడా లెక్కేనా??

టీ తాగను, పాలే. మాస్టారూ, నోడ్ ఆఫ్ రాన్వియర్ నేను పోయిన టెస్టులో నిజంగానే గుర్తించలేదు.


నిద్రలేని_పీజీ:

అదే అసలు లెక్క. మేలుకున్న ప్రతి గంటా మెదడులో అడినోసిన్ అనే పదార్థం పేరుకుంటుంది, ఆకలి పెరిగినట్టు నిద్ర బరువు పెరుగుతుంది. సాయంత్రం 6 నుంచి ముక్కాలు గంట నిద్ర అంటే భోజనానికి ముందు నాలుగు బజ్జీలు తిన్నట్టు. 10 గంటలకి ఆకలెలా ఉంటుంది? దానికి తోడు నీ వయసు గడియారం ఎలాగూ లేటు, ఆపైన గంట ఫోను వెలుతురు కళ్ళలోకి, ఆపైన ఆదివారం 11 దాకా పడక. ఆదివారం అలా పడుకోవడమంటే ప్రతి వారం రెండు మూడు దేశాల అవతలికి విమానంలో వెళ్ళి సోమవారం దిగడం లాంటిది.

అన్నీ ఒకేసారి మార్చకు, కుదరదు. ఈ వారం ఒక్కటే, సాయంత్రం బస్సులో నిద్ర మానెయ్. కిటికీ పక్క సీటు వద్దు, తల ఆనించడానికి చోటు లేని సీటులో కూర్చో, పక్కమ్మాయితో కబుర్లు చెప్పు, పాటలు విను. మొదటి మూడు రోజులు ప్రాణం పోయినట్టుంటుంది. కునుకు కావాలంటే మధ్యాహ్నం భోజనం బెల్లులో బల్ల మీద తల పెట్టి 15, 20 నిమిషాలు, అంతకు మించి వద్దు. పొద్దున బస్సు కోసం నిలబడేటప్పుడు షెడ్డు కింద కాకుండా ఆరుబయట నిలబడు. ఆదివారం 8కి లేవాలి, కావాలంటే మధ్యాహ్నం అరగంట పడుకో. ఫోను సంగతి తండ్రిగారు చెప్పినట్టే, కాకపోతే తాళం వద్దు. నీ చేత్తో నువ్వే 10:15కి వంటింట్లో చార్జింగ్ పెట్టేసి రా. ఎవరో లాక్కున్నదీ, తనకు తాను పెట్టి వచ్చిందీ ఒకటి కాదు.

ఇంకో సంగతి, పొద్దున 5 నుంచి 6:20 దాకా ఏం చేస్తున్నావు? గంటా ఇరవై నిమిషాలు చాలా ఎక్కువ. తలస్నానం సాయంత్రం చేసి, బ్యాగు, యూనిఫాం రాత్రే సర్దుకుంటే 5:35కి లేవొచ్చా? ఆ 35 నిమిషాలు ఒంటికి బంగారం. ఈ టైంటేబుల్‌లో నీకు 8 గంటలు రావు, అబద్ధం చెప్పను. ఆరున్నర, ఏడు దాకా తేవచ్చు.

రక్తపరీక్ష కూడా ఒకటి చేయించుకో, సీబీపీ (రక్తకణాలు, హిమోగ్లోబిన్ చూసే పరీక్ష) అంటే చాలు, ఏ ల్యాబులోనైనా చేస్తారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 19 ఏళ్ళ ఆడపిల్లల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉంది. ఐరన్ తక్కువైతే నీరసం, చదివింది నిలవకపోవడం, చిరాకు, అన్నీ నువ్వు రాసినవే. మనవాళ్ళు దాన్ని కూడా బద్ధకం ఖాతాలోనే రాస్తారు.

చివరిది, భయపెట్టడానికి కాదు. రెండు వారాలు దాటినా రోజంతా దిగులుగా ఉండటం, ఇష్టమైనవి కూడా చేయబుద్ధి కాకపోవడం, తిండి సహించకపోవడం, చచ్చిపోతే బాగుండు అనిపించడం, ఇవి ఉంటే అది వయసు గొడవ కాదు, నిద్ర సర్దుకుంటే పోయేదీ కాదు. అమ్మకి చెప్పి డాక్టర్ని కలవాలి. ఇంట్లో చెప్పలేకపోతే 14416, టెలీ మానస్. కేంద్రం 2022లో పెట్టింది, డబ్బులు అక్కర్లేదు, 24 గంటలూ ఉంటుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఈ పేజీ చదివే మిగతా పిల్లలు కూడా నంబరు రాసుకోండి. పెద్దయ్యాక మా దగ్గరికి వచ్చేవాళ్ళలో సగం మందికి కష్టం మొదలైంది 14 ఏళ్ళ లోపే, చెప్పుకోవడానికి మాత్రం పదేళ్ళు పడుతుంది కొందరికి.


ఫ్రీమాంట్_అమ్మ:

మాది ఒంగోలు, ఉండేది కాలిఫోర్నియాలో. ఇక్కడ 2022 నుంచి హైస్కూళ్ళు పొద్దున 8:30 కంటే ముందు మొదలుపెట్టకూడదని చట్టం. ఈసీఈ బాబు రాసిన గడియారం కారణంగానే, 2014లోనే ఇక్కడి పిల్లల డాక్టర్ల సంఘం అలా చెయ్యమని చెప్పింది. మావాడు 7:15కి బదులు 7:50కి లేస్తున్నాడు, ఇంట్లో పొద్దున అరుపులు సగం తగ్గాయి. మిగతా సగం ఎందుకున్నాయంటే మిగిలిన అరగంట వాడు రాత్రి ఫోనుకి ఖర్చుపెట్టాడు కాబట్టి. చట్టం చేసినా ఛార్జర్ మాత్రం మనమే పీకాలి.

మా అన్నయ్య కూతురు విజయవాడలో ఇలాగే ఉంది, 5:30 స్టడీ అవర్. కాలేజీవాళ్ళని అడిగితే "మీ పాపకి ఒక్కదానికి మారుస్తామా" అన్నారట. అందరూ అడిగితే మారుస్తారేమో అని నేనంటే మా వదిన "ర్యాంకులు ఎవరిస్తారు" అంది. అక్కడితో ఆ మాట ఆగిపోయింది.

బుజ్జీ, ఆ టిఫిన్ బాక్సు గురించి అమ్మతో మాట్లాడావా? నువ్వు ఇక్కడ ఇంత రాశావు, ఆవిడకి ఒక్క ముక్క చెప్పావో లేదో.


ఒక_తండ్రి_గుంటూరు:

డాక్టరమ్మో డాక్టరుబాబో తెలియదు గానీ లాంతరు లెక్క నిజమే. 8 గంటలకి అన్నం తిని అరుగు మీద పడుకునేవాళ్ళం. మా చిన్నదానికి రక్తపరీక్ష రేపు చేయిస్తాను. ప్రీఫ్రంటల్ కార్టెక్స్ అన్నప్పుడు మాత్రం తిడతాను.


బైపీసీ_బ్యాక్‌బెంచ్:

పది రోజులైంది, చెప్దామని వచ్చా.

బస్సులో నిద్ర మానేశాను. మొదటి రోజు మధ్యలోనే పడిపోయా, రెండో రోజు నుంచి క్లీనర్ అన్న పక్కన ముందు సీటులో కూర్చుంటున్నా, ఆయన ఒక్క నిమిషం నోరు మూయడు, నిద్ర పట్టే ప్రశ్నే లేదు. ఇప్పుడు 11 లోపే నిద్ర వస్తోంది. రెండు రోజులు మాత్రం 12 అయింది, అవి ఫోను రోజులు, ఒప్పుకుంటున్నా. పొద్దున 5:30కి లేస్తున్నా. అమ్మ 5కే ఎందుకు లేపేదో ఇప్పుడు తెలిసింది, రెండు జడలు వేసి రిబ్బన్లు కట్టడానికి. ఇప్పుడు రాత్రే అల్లేసి పడుకుంటున్నా, పొద్దున రిబ్బను కట్టడమే. కాస్త రేగినట్టుంటుంది, ఎవరూ పట్టించుకోలేదు.

రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 9.8 వచ్చింది. 12 ఉండాలట. మా ఊరి పీహెచ్‌సీ డాక్టరమ్మ ఐరన్ మాత్రలు ఇచ్చారు, అన్నం తిన్న వెంటనే టీ వద్దు, నిమ్మకాయో ఉసిరికాయో తినమన్నారు. మాత్ర వేసుకుంటే మలం నల్లగా వస్తుంది కంగారు పడకు అని కూడా ముందే చెప్పారు, మంచి పని చేశారు, లేకపోతే నేను ఇక్కడికొచ్చి ఇంకో ప్రశ్న పెట్టేదాన్ని. మూడు నెలలు వాడాలి.

టెస్టు మార్కులు పెద్దగా మారలేదు. బ్లాంక్ అవ్వడం మాత్రం ఈసారి లేదు, రానివి నిజంగా రానివే.

అమ్మకి సారీ చెప్పాను ఆంటీ. జడ అల్లుతుంటే చెప్పా, మొహం కనపడదు కదా అని. "ఆ మూత ఇప్పుడు సరిగ్గా పట్టట్లేదు, కొత్తది కొనాలి" అంది. అంతే అంది.

నాన్నకి ఈ పేజీ మొత్తం చదివి వినిపించాను. మెలటోనిన్ దగ్గర ఆవులించారు. మా హాలుకీ నా గదికీ మధ్య గోడ ఉంది గానీ తలుపు లేదు, తెర ఉంది, రాత్రి 11 దాకా టీవీలో న్యూస్ డిబేట్ నడుస్తుంది, నలుగురూ ఒకేసారి అరుస్తుంటారు. ఇంతకాలం నేనెప్పుడూ దాని గురించి అనలేదు, అది సమస్య అని నాకూ తట్టలేదు. నిన్న 10 గంటలకి సౌండ్ సగానికి తగ్గింది. లేచి చూస్తే నాన్న టీవీకి రెండడుగుల దూరంలో కుర్చీ వేసుకుని కూర్చుని చూస్తున్నారు.


పాత_బోటనీ_మాస్టారు:

మీ నాన్నగారికి ఇయర్‌ఫోన్లు కొనిపెట్టమ్మా, మెడ పట్టేస్తుంది. ఆ నాడీకణం పటం మళ్ళీ ఒకసారి గీసి చూసుకో.